ఫ్యాక్టరీ ఆపేసిన రోజు

కిందటేడు చెన్నై అంబత్తూరులోని మా ఫ్యాక్టరీ కంప్యూటర్లను హ్యాకర్ల నుంచి కాపాడే టీమ్‌కు నన్ను లీడర్ని చేశారు. కొద్ది రోజులకే ఒక ఉదయం కంప్యూటర్లు వరుసగా లాక్ అవసాగాయి. దాడి మిగతావాటికి పాకకూడదంటే నెట్‌వర్క్ తెంచేయాలి. తెంచితే మిషన్లన్నీ ఆగిపోతాయి.

మేనేజరు చెన్నైలోనే పుట్టి పెరిగిన తెలుగాయన. అందరి ముందూ నా మీద అరిచారు.

"ఏమ్మా, ఈడ పని ఆపేస్తే ఎవురు జవాబు చెప్పేది? మీ టీమ్‌లో మగోళ్ళు ఎవురన్నా ఉంటే పిలువు!"

"లీడర్ని నేనే సార్. జవాబు కూడా నేనే చెప్తాను" అని సర్వర్ గదిలోకి వెళ్ళి కేబుళ్ళు పీకేశాను. ఫ్యాక్టరీ అంతా ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది. నా నిర్ణయం తప్పయితే? బాత్రూంలోకి వెళ్ళి ఏడ్చేసి, మొహం కడుక్కుని వచ్చి పనిలో కూర్చున్నాను.

మర్నాడు సాయంత్రానికి మిషన్లు మళ్ళీ తిరిగాయి. ముఖ్యమైన ఫైళ్ళేవీ పోలేదు. మీటింగులో ఆయన, "ఏదో అదృష్టం. ఇంకోతూరి నన్ను అడక్కుండా ఆపొద్దు" అన్నారు.

"ఇలాగే జరిగితే మళ్ళీ ఆపుతాను సార్. ముందు ఆపి, తర్వాతే మీకు చెప్తాను" అన్నాను.

మా టీమ్‌లో చేరే ఆడపిల్లలకు ఈ సంగతి ఏడుపుతో సహా చెబుతుంటాను. ఏడుపొస్తే ఏడవండి, కుర్చీ మాత్రం వదలకండి అంటాను.