మేడం కట్టుడు పళ్ళు

ఇంటికొచ్చి రెండుసార్లు సబ్బు పెట్టి కడిగినా నా చేతులకు లవంగ నూనె వాసన పోదు. పొద్దుటి నుంచి ముప్పై నోళ్ళు చూసి వచ్చినవాడికి అన్నం ముద్ద కూడా అదే వాసన కొడుతుంది. తినబుద్ధి కాక కంచం ముందు అలా కూర్చున్నప్పుడల్లా కమలమ్మ మేడం గుర్తొస్తారు.

రెండువేల నాలుగులో అనుకుంటా, పళ్ళ డాక్టరు చదువు ముగించి కడపలో ఆమె దగ్గర చేరాను. ఆమె చిగుళ్ళ వైద్యురాలు. యాభై దాటిన మనిషి, పని మధ్యలో వాచిన కాళ్ళను స్టూలు మీద చాపుకునేవారు. ఆమెకు పైనా కిందా కట్టుడు పళ్ళే. పళ్ళ డాక్టరమ్మకే పళ్ళు లేవు, ఇక మనవేం నిలబెడుతుందని ఊళ్ళో నవ్వుకునేవాళ్ళు. ఆమె కూడా వాళ్ళతో కలిసి నవ్వేవారు. దాచడమెందుకు, నాకూ లోపల చిన్నచూపే ఉండేది.

ఒకరోజు మంగంపేట నుంచి ఓబులమ్మ వచ్చింది. భర్త ముగ్గురాయి గనిలో కూలి. ముప్పై రెండేళ్ళకే ఆమె ముందు పళ్ళు ఊగుతున్నాయి, చిగుళ్ళలో చీము. బయట ఇంకా పదిమంది కాచుకుని ఉన్నారు. సరిగ్గా తోముకోకపోతే ఇంతేనని, ఇంట్లో పిల్లలనైనా అదుపులో పెట్టి సరిగ్గా తోమించమని కసిరాను. రోజూ రెండు పూటలా తోముకుంటూనే ఉన్నానని, పొగాకు నమిలే మొగుడి పళ్ళు మాత్రం రాళ్ళలా ఉన్నాయని ఆమె ఏదో చెప్పబోయింది. నా నోరు పడిపోను, విననే లేదు. చీటీలో 'శుభ్రత లేదు' అని రాసి, మందులిచ్చి పంపేశాను.

ఆ వారం చివర చీటీలు తిరగేస్తూ మేడం ఓబులమ్మ చీటీ దగ్గర ఆగిపోయారు. తర్వాత తన పళ్ళు తీసి గిన్నెలో పెట్టి, బుగ్గలు లోపలికి పోయిన ముఖంతో నా వైపు తిరిగారు.

"మా అమ్మకు ముప్పై అయిదుకే పోయినాయి. నాకు నలభైకి. మా చెల్లెలికీ అంతే. నాకన్నా బాగా తోముకునేటోళ్ళు ఈ ఊర్లో ఎవురుండారప్పా?"

ఒకే పాచి ఒకరి చిగుళ్ళను అంతగా బాధించదనీ, పుట్టుకతో వచ్చిన జన్యువుల తేడా వల్ల ఇంకొకరి దవడ ఎముకనే తినేస్తుందనీ నేనూ చదివినవాడినే. అయినా ఓబులమ్మను వాళ్ళమ్మ పళ్ళ గురించి ఒక్క ముక్క అడగలేదు. తోముకోవడం అందరికీ అవసరమేనని, అలాంటివాళ్ళకు అదొక్కటే చాలదని మేడం అన్నారు. రోగానికి తోడు మన తిట్లు గోరుచుట్టు మీద రోకటిపోటని విసుక్కున్నారు. చివరికి అడిగారు.

"ఆమెకు బిడ్డలుండారా? వాళ్ళ నోర్లు చూసినావా?"

ఇంటి వరసలో వచ్చే ఆ జబ్బు ఒక్కోసారి పన్నెండు, పదమూడేళ్ళకే మొదలవుతుంది. అప్పుడే పట్టుకుంటే పళ్ళు దక్కుతాయి. మర్నాడే నన్ను మంగంపేట బస్సెక్కించారు.

ఓబులమ్మ నన్ను కోప్పడలేదు. మంచినీళ్ళిచ్చింది. వాళ్ళమ్మకూ చిన్న వయసులోనే పళ్ళు రాలాయట. నా తప్పేనని నేను చెబుతుంటే, మూలన నిలబడ్డ పదమూడేళ్ళ కూతురి వైపు చూసి నెమ్మదిగా అంది.

"తోముకుంటే పాప చిగుళ్ళలో నెత్తురొస్తాది సార్. మీరు చెప్పినప్పట్నుంచి, సరిగ్గా తోముకోలేదని రోజూ కొడతాండా."

ఇద్దరినీ కడపకు తీసుకొచ్చాను. పాపకు రెండు దవడ పళ్ళు అప్పటికే కదిలిపోయాయి. మిగతావాటిని మేడం మూడు నెలలకోసారి శుభ్రం చేస్తూ, ఏళ్ళ తరబడి కాపాడారు.

ఇప్పుడు మేడం లేరు. ఎంత ఓపిక లేకపోయినా కొత్తగా వచ్చినవాళ్ళను మొదట అమ్మానాన్నల పళ్ళ సంగతే అడుగుతాను. అది నా మంచితనమేమీ కాదు. కడపకు తెచ్చిన ఆ రోజు ఆ పిల్ల కుర్చీ ఎక్కి, దెబ్బ పడుతుందేమోనని చెంపకు చేయి అడ్డం పెట్టుకుని, "తోముకున్నా సార్, అమ్మతోడు" అంది. నేనింకా ఏమీ అడగనే లేదు.