అప్పలమ్మగారి ఇనప పొయ్యి

రాజోలులో గేట్లూ గ్రిల్సూ చేసే సాలమోనుకు మిషన్ బంగళా పడగొట్టినప్పుడు పాత ఇనుములో ఆ పొయ్యి దొరికింది. తొంభై ఎనిమిదిలో సంగతి. ఎప్పుడో ఓడలో వచ్చిన విలాయతి పొయ్యి. ఒక పక్క మంట, దాన్ని ఆనుకుని తలుపున్న గూడు. బంగళాలో వంటచేసిన వాళ్లమ్మ అప్పలమ్మ దొరలకు కేకులూ, వాళ్లు వెళ్లిపోయాక హాస్టలు పిల్లలకు దిబ్బరొట్టెలూ ఆ గూట్లోనే కాల్చేది. ఆవిడ పోయి ఏడాది కావస్తోంది. జ్ఞాపకార్థ కూటానికి వచ్చినవాళ్లకి ఆ పొయ్యిలో కాల్చిన రొట్టే పెడతానని పట్టుబట్టాడు సాలమోను.

కిరసనాయిలు పోసి తుప్పు వదలగొట్టాడు. విరిగిన కాలు అతికాడు. గూటి లోపల మట్టి పెళ్లలు కట్టి ఉంటే ఉలితో చెక్కి, ఇనుము తళతళలాడేదాకా తోమాడు.

కూటానికి ముందురోజు పొద్దున్నే కొబ్బరి డొక్కలు ఎగదోసి రొట్టె పెట్టారు. ఒక పక్క బొగ్గు, ఇంకో పక్క పచ్చిపిండి. రెండోదీ అంతే.

"దొరలు తిన్నది ఇదేనాండీ? అందుకే ఓడెక్కేసుంటారు," అంది భార్య నాగమణి.

సాలమోను నవ్వలేదు. "అమ్మ చేతిలో ఎప్పుడైనా మాడిందా? వదిలెయ్. రేపు బిస్కెట్లు పంచుదాం."

నాగమణి గూట్లోకి తొంగిచూసింది. "లోపల మట్టేదండీ?"

"మురికని గీకేసేను."

"ఓరి నాయనో! అత్తయ్యగారు శనివారం శనివారం అలికేవారు కదండీ! పెళ్లైన కొత్తలో నేనే మట్టి తొక్కిచ్చేను. మంట పక్క గోడకి అది లేకపోతే మాడక ఏం చేస్తది?"

"పెళ్లలు దొడ్లో పారబోసేనే! మొన్నటి వానకి కరిగిపోయేయి," అన్నాడు సాలమోను, ఏడుపు గొంతుతో.

"కాలవగట్టున మట్టికి కరువా? లేవండి."

తట్టెడు మట్టి తెచ్చారు. ఊక కలిపి నాగమణి తొక్కింది. ఆమె అలకబోతే సాలమోను ఆపి, చొక్కా విప్పి, భుజందాకా చెయ్యి లోపలికి పెట్టాడు.

"మగాళ్లు పొయ్యి అలకడం ఈ వీధిలో ఇదే మొదలండీ."

"ఊరుకోవే. ఇదీ ఫిట్టింగే."

సన్నటి సెగ మీద ఆ మట్టి సాయంత్రానికి ఆరింది. మర్నాడు రొట్టెలు అన్ని వైపులా ఒకే రంగులో ఎర్రగా వచ్చాయి.

ఒకప్పుడు ఆ హాస్టల్లో చదువుకున్న ఆనందరావు మాస్టారు మొదటి ముక్క నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. "అప్పలమ్మగారి రొట్టేనయ్యా ఇది. కాకపోతే కాస్త మట్టి వాసన తగులుతోంది."

"ఆయ్," అన్నాడు సాలమోను సంబరంగా. "ఈసారికి సర్దుకోండి మాస్టారూ. కొత్తగా అలికేనండి."