దించిన రేకు

పెలికాన్స్ జట్టు బేస్‌బాల్ ఆడినంతసేపూ ఎలాదియో స్కోరుబోర్డు వెనక నిచ్చెన మీదే ఉంటాడు. ముప్పై ఏళ్లుగా అంకెల రేకులు తగిలించి తగిలించి అతని వేళ్లు మొద్దుబారాయి. ఆట ముగిశాక రేకులన్నీ తుడిచి పెట్టెలో సర్దుతాడు. ఒక పాత ఒకటో అంకె రేకును మాత్రం ఎన్నడూ తగిలించడు. దాన్ని చొక్కా అంచుతో తుడిచి, సంచిలో పెట్టుకుని ఇంటికి పోతాడు.

మొన్న జట్టు చరిత్ర రాస్తున్న విలేకరి ఫౌస్తో వచ్చాడు.

ఎలాదియో అడిగాడు: "మా తమ్ముడు ఉల్పియానో గురించి రాశావా? పాపం, పోయేలోపు ఒక్కటే హోమ్‌రన్ కొట్టాడు. బంతి గోడ దాటి చెరకు బండిలో పడింది."

"ఆ రోజు నాలుగో ఇన్నింగ్స్‌లోనే వానొచ్చింది కదా బాబాయ్! అయిదు పూర్తికాని ఆట లెక్కలోకి రాదు. పుస్తకంలో ఆయనకి సున్నాయే."

"నాకు తెలీదా? రద్దయిందనగానే ఆ ఒకటి దించింది నేనే. వాడు కింద వానలో నిలబడి, 'అన్నా, ఇంకాసేపు ఉండనీవా' అని అడిగాడు."

ఎలాదియో సంచి తడుముకున్నాడు.

"రేకు తుప్పు పడుతుందని దించేశాను."