మామ ఫ్లెక్సీలో నా చోటు

సెలవు మీద బనగానపల్లెలో బస్సు దిగగానే నాకు మొదట కనిపించింది నా ముఖమే. స్టాండు ఎదుట సరుగుడు గుంజలకు బిగించిన ఫ్లెక్సీలో మా మేనమామ చేతులు జోడించి ఓట్లు అడుగుతున్నాడు. ఆయన పక్కన, ఆయనంత ఎత్తున, సైనిక దుస్తుల్లో నేను. వంతెనలు కట్టే విభాగంలో మేజరునైన రోజున అమ్మకు పంపిన ఫొటో అది.

సర్పంచి పదవికి మామ పోటీ చేస్తున్నాడని నాకు తెలుసు. యూనిఫాంలో ఉన్నవాడు ఏ అభ్యర్థి పక్కనా నిలబడకూడదని ఆయనకు తెలియదు. ఆ బొమ్మ అక్కడే ఉంటే నా ఉద్యోగానికి ముప్పు. తీయిస్తే, నన్ను భుజాల మీద మోసిన మనిషికి ఊరందరి ముందు చిన్నతనం.

నేరుగా తోటకు వెళ్లాను. మామ మామిడి మొక్కలకు అంటు కడుతున్నాడు.

"ఏమప్పా, చూసినావా? నాకంటే నువ్వే బాగుండావు."

"దాన్ని దించల్ల మామా."

"ఎందుకప్పా? నువ్వేమన్నా ఓటు అడుగుతాండావా? ఊరికే నిలబడుండావు."

"నిలబడేదే తప్పు. రేపు వరదొచ్చి మేము పడవ తెస్తే, నీకు ఓటెయ్యనోడు గూడా నమ్మి ఎక్కల్ల గదా."

మామ కట్టు బిగించడం పూర్తిచేసి, కత్తి తుడుచుకుని లేచాడు. "కొత్తది ఏపిచ్చేకి టైం లేదు. పా, నిన్ను కోసేస్తా."

స్టాండు దగ్గరికి వచ్చి, ఫ్లెక్సీలోని నా బొమ్మను టోపీ అంచు నుంచి బూట్ల దాకా, అంటుకొమ్మను తీసినంత శ్రద్ధగా కోశాడు. నన్ను చుట్టి చంకలో పెట్టుకున్నాడు.

"ఇంట్లో పెట్టుకుంటా. దానికి గూడా రూలుండాదా?"

"ఇంట్లో అయితే లేదులే."

ఎన్నికకు ముందు గాలివాన వచ్చింది. తెల్లవారి చూస్తే ప్రత్యర్థుల ఫ్లెక్సీలన్నీ చిరిగి వేలాడుతున్నాయి; మామది చెక్కుచెదరలేదు. కారణం స్పష్టం: విస్తీర్ణం పెరిగిన కొద్దీ గాలి తోపు పెరుగుతుంది. నా ఆకారపు ఖాళీలోంచి గాలి దారి చూసుకుని వెళ్లిపోయింది. అలాంటి ఖాళీలు ఉండాలని మొదటి రోజే నాకు తోచింది కానీ, చెబితే ప్రచారానికి సాయం చేసినట్టవుతుందని ఊరుకున్నాను.

టీ అంగడి దగ్గర మామ నలుగురిని పోగేశాడు. "మా అల్లుడు ఇంజనీరప్పా. గాలొస్తాదని ముందే లెక్కేసి కంత పెట్టిచ్చినాడు."

పక్కకు పిలిచాను. "మామా, ఇది గూడా ప్రచారమే."

ఆయన నన్ను ఎగాదిగా చూసి, తిరిగి వాళ్ల దగ్గరికి వెళ్లాడు. "కంత పెట్టింది నేనేలేప్పా. చెట్లు పెంచేటోనికి గాలి సంగతి తెలీదా?"

గెలిచాక కూడా అదే చెబుతున్నాడు. ఇప్పుడు తాను కూడా నమ్ముతున్నాడు. ఖండించే ఉద్దేశం నాకు లేదు.