అనంతబూర్ లేబుళ్లు

మా వేరుశెనగ చిక్కీలు మొదటిసారి దుబాయ్ పోతున్నాయి. సరుకంతా సిద్ధమైంది కానీ, డబ్బాలకు అతికించాల్సిన లేబుళ్లు బెంగళూరు కస్టమ్స్‌లో ఆగిపోయాయి. అవి దుబాయ్ వ్యాపారి అరబ్బీలో అచ్చు వేయించి పంపినవి.

పొద్దున క్లియరింగ్ ఏజెంటు ఫోన్ చేశాడు. "అవి కాగితమా, ప్లాస్టిక్కా? పైన ఏం అచ్చేసినారు? అది తెలిస్తేనే సుంకం ఎంతో తేలేది మేడమ్" అన్నాడు. కాగితమేనని చెప్పాను. అచ్చు సంగతి నాకేం తెలుసు?

వ్యాపారి పంపిన ఫోటో పట్టుకుని పక్కింటికి వెళ్లాను. అక్కడుండే ఖాజా సార్ ఉర్దూ మాస్టారుగా రిటైరయ్యారు. అరబ్బీ కూడా చదువుతారు. ఆయన కళ్లజోడు సర్దుకుని, "పల్లీ చిక్కీ. తయారీ అనంతబూర్, ఇండియా" అని చదివారు.

నేను గబుక్కున అడిగాను. "ఊరి పేరే తప్పేసినారా సార్? అన్నీ మళ్లా అచ్చేయించాల్నా?"

"తప్పు కాదమ్మా. అరబ్బీలో 'ప' అక్షరమే లేదు. ఈడ పోలీసు ఆడికి పోతే బోలీసే. ఇది మనూరే, భయపడాకు."

ఏజెంటుకు అదే చెప్పాను. అతను 'అచ్చు వేసిన కాగితపు లేబుళ్లు' అని రాయించి, సుంకం కట్టి, సాయంత్రానికి విడిపించాడు. రేపు ఇక్కడికి వస్తాయి.

చిక్కీలు ఇవ్వబోతే ఖాజా సార్ తనకు పళ్లు లేవని నవ్వి, ఒక లేబులు మాత్రం ఇమ్మన్నారు. గేటుకు అతికించుకుంటారట.

పెనుకొండ, హిందూపురం వాళ్లు మీ ఊరి పేరు అరబ్బీలో ఓసారి పలికి చూడండి. నేను పొద్దున్నుంచి నవ్వుకుంటూనే ఉన్నాను.