శబరి మీద రెండో పేలుడు

బస్తర్ సంస్థానం సిపాయిగా నేను కుంట ఊరు చేరేసరికి వైశాఖం. కాళ్ళకు పట్టీలు, భుజాన తుపాకీ, నెత్తిన నిప్పులు. శబరి ఒడ్డున తాటాకు చౌకీ. ఉప్పు పడవల మీద కన్నేసి ఉంచడం మా పని. మాకంటే చెట్టు నీడన మేకలు సుఖపడ్డాయి.

తనిఖీకి వచ్చిన పెద్ద దొరకు తెరచాప పడవల పందెం చూడాలని బుద్ధి పుట్టింది. గెలిచిన పడవ ఊరికి ఏడాది వెట్టి మాఫీ అన్నాడు. దొరల సామాను ఊరికే మోయడమే అక్కడి వెట్టి. చాకిరీ మా మీద పడింది. పందెం మొదలయ్యే గీతకు గుర్తుగా ఏటికి అటూ ఇటూ వెదుళ్ళు పాతాం. దొర తన గడియారం నా చేతిలో పెట్టాడు. మొదటి తుపాకీ పేలుడుకు పడవలు తయారవ్వాలి. ఐదు నిమిషాలకు నేను ఎర్రగుడ్డ దించితే హవల్దారు రెండోది పేలుస్తాడు. అప్పుడే గీత దాటాలి.

పడవ నడిపే సోమయ్య పొద్దున్నే నా దగ్గరికి వచ్చాడు.

"ఏందన్నా, నిజంగనే మాఫీ చేస్తడా?"

"దొర మాట. నాకేం తెలుసు?"

"పోయినేడు దున్నే యాళకు మూటలు మోయనీకి తోలుకపోయిండ్రు. చేను బీడు పడ్డది. ఈ ఏడన్నా ఇత్తనం ఏసుకోవాలె."

మొదటి పేలుడు అయింది. దిగువ నుంచి గాలి అందుకుంది. గీత వెనక సోమయ్య పడవ అందరికంటే ముందుంది. అతనే గెలవాలని కోరుకున్నాను.

అప్పుడు అవతలి ఒడ్డు నుంచి దోనె ఒకటి బయలుదేరింది. అందులో చాపలో చుట్టిన శవం. శవం ఏరు దాటుతుంటే అక్కడివాళ్ళు తెరచాప ఎత్తి ఉంచరు. సోమయ్య తెరచాప తాడు వదిలేశాడు. పక్క పల్లెల పడవలూ దించాయి. దిగువ నుంచి వచ్చిన షావుకారు పడవ ఒక్కటే దించలేదు.

"హుజూర్, ఆ దోనె దాటేదాకా ఆగుదాం," అన్నాను.

"టైమంటే టైమే. గుడ్డ దించు."

దించాను. తిండి పెట్టే కొలువు మరి. హవల్దారు ముఖం తిప్పుకుని పేల్చాడు. షావుకారు పడవ ఒక్కటే పోయి గెలిచింది. అతని మనుషులకు అసలు వెట్టే లేదు.

సాయంత్రం సోమయ్యను అడిగాను. "పోయినాయన నీకేమవుతాడు?"

"ఎవరో అన్నా. నాకు తెల్వదు."

తొలకరి పడ్డాక నాకు ఇంటికి సెలవు దొరికింది. దోర్నపాల్ దాకా నా పెట్టె మోయడానికి వెట్టి మనిషిని పంపారు. సోమయ్యే. సిగ్గుతో చచ్చిపోయాను. నేనే మోసుకుంటానన్నాను.

"ఉండనియ్యి అన్నా. నీది కాకుంటే ఇంకోనిది."

దారి పక్క చేలల్లో అరకలు నడుస్తున్నాయి. పెట్టె కింద నుంచి అతను వాటినే చూస్తూ నడిచాడు.

ఇన్నేళ్ళయినా కళ్ళు మూస్తే అదే కనబడుతుంది. తుపాకీ పొగ, కిందపడిన తెరచాప, తలగుడ్డ తీసి నిలబడ్డ సోమయ్య. గాలి మాత్రం వీస్తూనే ఉంది.