ఆవకాయ సీసాలో ఈగ

నాకు చిన్నప్పటినుంచీ తెలిసిన ఈగలు రెండే రకాలు: బెల్లం మీద వాలేవి, నా మీద వాలేవి. రెండో రకానికి రుచి తెలీదని మా ఆవిడ అభిప్రాయం. నిన్న ఆవకాయకి సీసాలు కడుగుతూ ఆవిడ ఒకదాన్ని మాత్రం పక్కన పెట్టేసింది. "ఇది మీ ఈగగారిదండీ, మన తిండికి పనికిరాదు" అంది. దాంతో ఆ ఈగ దొరికిన ఏడాదంతా కళ్ళముందు నిలబడింది.

అప్పుడు మా కొబ్బరితోటకి తెల్లదోమ పట్టింది. మట్టల అడుగున సున్నం చల్లినట్టు దోమ, పైన మసి పూసినట్టు నలుపు. రెణ్ణెల్లకోసారి కాయ దింపిస్తాం కదా, దింపుకీ దింపుకీ కాయ చిక్కిపోతోంది. పెదనాన్నగారి చెట్లూ మా చెట్లూ ఒకటే తోట, మధ్యలో గట్టయినా లేదు. ఆయన కింది మట్ట ఒకటి కోయించి చూస్తే, దోమ మధ్యన బియ్యపుగింజలో సగం ఉండే పచ్చటి జిగురు పురుగులు కనబడ్డాయి. "దోమ చాలనట్టు పురుగు కూడానా! పై గురువారం మందు కొట్టించేస్తున్నాను" అన్నారు. మా వైపు రైతు పురుగు కనబడితే దాని పేరు అడగడు, మందు పేరు అడుగుతాడు.

నేను ఆరో తరగతితో బడికి దణ్ణం పెట్టినవాణ్ణి. ఏమీ తెలియనివాడికి తొందరుండదు. పురుగులున్న ఆకుముక్కని ఆవకాయ సీసాలో వేసి, మా ఆవిడ బండారులంక నేతచీర చెంగు చింపి మూతికి కట్టాను. (ఆ చీర గొడవ ఇప్పటికీ నడుస్తోంది.) మూడోనాటికి ఆకు మీద ఒక్క గాటు లేదు, దోమ మాత్రం సగమైంది. పురుగులు తింటున్నది కొబ్బరిని కాదు, దోమని! గురువారం పొద్దున్న చూద్దును కదా, సీసాలో పురుగు పోయి ఓ బుల్లి ఈగ. మా తోటలో ఎన్నడూ చూడని రకం. తెల్లదోమకి నాలుగు రెక్కలు, దీనికి రెండే.

అప్పటికే మందు డ్రమ్ము తోటలోకి వచ్చేసింది. వెళ్ళి దాని మీద కూర్చున్నాను.

"లేరా! ఈగ కోసం తోట పోగొట్టమంటావా?" అన్నారు పెదనాన్నగారు.

"ఆయ్, లేవనండి. మందు కొడితే ముందు చచ్చేది మన పక్షానున్న ఈగేనండి. దోమ మళ్ళీ పుట్టుకొస్తుంది."

"ఎవరు చెప్పేరు?"

"సీసా చెప్పిందండి."

"ఆరో తరగతి సైంటిస్టు!" అన్నారాయన. మందు కొట్టేవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను గానీ లేవలేదు. "రెండు దింపులు ఆగండి. తోట కోలుకోకపోతే మీ ముందే మీసం తీసేస్తానండి" అన్నాను. డ్రమ్ము వెనక్కి వెళ్ళింది.

అమలాపురంలో వ్యవసాయాధికారి మేడంగారు ఈగని భూతద్దంలో చూసి, "నాకూ కొత్తేనండీ" అని ఫొటో ఎవరికో పంపారు. వారానికి జవాబొచ్చింది: తెల్లదోమ పిల్లల్ని తినే ఈగేనట. దాని ఇంగ్లీషు పేరు మూడుసార్లు చెప్పించుకున్నాను. నాలుగోసారి నేనే చెప్పబోతే, నోట్లో ఈగ దూరినట్టయింది.

రెండో దింపుకి కింది మట్టల మసి పోలేదు, అబద్ధమెందుకు. చెట్టు నెత్తిన మొవ్వులోంచి వచ్చిన కొత్త మట్టలు మాత్రం పచ్చగా విచ్చుకున్నాయి. మీసం మెలేసుకుంటూ పెదనాన్నగారి అరుగెక్కి, ఈగని తోటలో వదిలేసిన ఖాళీ సీసా ఆయన ముందు పెట్టాను. ఆయన దాన్ని వెలుతురుకి ఎత్తి, అటూ ఇటూ తిప్పి చూశారు.

"పదిరోజుల్లో పురుగు రెక్కలు తెచ్చుకుని ఎగిరిపోయిందిరా. నువ్వు నలభై ఏళ్ళొచ్చినా ఆ ఆరో తరగతి సీసాలోనే ఉన్నావు. పైగా నీకు మూతికి గుడ్డ కట్టినవాళ్ళు కూడా లేరు!"